పాడేరు అనుభవం పనికొస్తుంది, కానీ మీరనుకున్న చోట కాదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విశాఖలో ఎంఎస్‌డబ్ల్యూ చేశారు, పాడేరు ఏజెన్సీలో మూడేళ్లు ఎన్జీవోలో పనిచేశారు, కెనడా వచ్చాక ఐదేళ్లుగా గ్రూప్ హోమ్‌లో (రోజువారీ సాయం అవసరమైనవాళ్లు కలిసి ఉండే ఇల్లు) ఉద్యోగం. ఇప్పుడు బ్రిటిష్ కొలంబియాలో ఒక కాలేజీ వాళ్లు ఇండిజినస్ (ఇక్కడి మూలవాసుల) ఫోకస్ ఉన్న కమ్యూనిటీ సపోర్ట్ వర్కర్ కోర్సు సెప్టెంబర్ నుంచి చెప్పమంటున్నారు. మీరడిగినవి మూడు. ఇండిజినస్ మనిషిని కాని నాకు ఈ పాఠం చెప్పే హక్కుందా? ఉంటే దేని మీద ఎక్కువ దృష్టి పెట్టాలి? మొదటిసారి ఎల్డర్‌ని, అంటే వాళ్ల సమాజం గౌరవించే పెద్దను, కలవడానికి వెళ్లేటప్పుడు పులిహోర చేసుకెళ్లొచ్చా?

నేను ఇదే ప్రావిన్సులో ఇలాంటి కోర్సే పదకొండేళ్లు చెప్పి పోయినేడు మానేశాను. అంతకుముందు ఉట్నూరు వైపు గూడేల్లో తిరిగినదాన్నే. కాబట్టి మీ భయం నాకు తెలిసిందే. నేను చేసిన తప్పులు కూడా చెప్తాను, వాటి వల్లే మీకు ఎక్కువ ఉపయోగం.

హక్కు గురించి మిమ్మల్ని మీరే అడుగుతూ కూర్చుంటే నిద్ర పాడవడం తప్ప జవాబు దొరకదు. కాలేజీని అడగండి. ఈ కోర్సుకు ఇండిజినస్ సలహా కమిటీ ఉందా, ఉంటే పోయినేడు ఎన్నిసార్లు కూర్చుంది? ఎల్డర్లకు ఇవ్వడానికి బడ్జెట్‌లో విడిగా డబ్బు పెట్టారా? మీతో కలిసి పాఠం చెప్పడానికి ఆ ప్రాంతపు ఫస్ట్ నేషన్ (మూలవాసుల సమాజం) నుంచి ఎవరైనా ఉన్నారా, వాళ్లకూ మీతో సమానంగా జీతం ఇస్తున్నారా? వీటికి వాళ్లు నీళ్లు నమిలితే, తెల్లగా లేని ముఖం ఒకటి దొరికితే చాలనుకుంటున్నారని అర్థం. ఆ ఉద్యోగం వదిలేయండి. సరైన జవాబులొస్తే మాత్రం నిక్షేపంగా చేరండి. నేను చేరినప్పుడు ఇవేవీ అడగలేదు. మొదటి ఏడాదంతా పన్నెండు మంది ముందు ఒక్కదాన్నే నిలబడి, వాళ్ల తాతముత్తాతల సంగతులు వాళ్లకే చెప్పాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొదటి రోజు ఏం జరుగుతుందో ముందే చెప్తాను. మీరు ఇండియా నుంచి వచ్చానని అనగానే ఎవరో ఒకరు నవ్వుతూ "అయితే మేమెవరం?" అంటారు. నవ్వేయండి. వాళ్లను 'ఇండియన్లు' అనే 1876 నాటి ఇండియన్ యాక్ట్ ఇప్పటికీ అమల్లో ఉంది, 'స్టేటస్ ఇండియన్' అనే మాట ఇంకా కార్డుల మీద, ఫారాల మీద కనిపిస్తుంది. వాళ్లు వాళ్లలో వాళ్లు ఆ మాటతో జోకులేసుకుంటారు. వాళ్ల గురించి మాట్లాడేటప్పుడు మీరు మాత్రం వాడకూడదు. మన స్కూలు పుస్తకాల్లో చదువుకున్న 'రెడ్ ఇండియన్లు', 'ఎస్కిమోలు' అనే మాటలు కూడా అలవాటుగా నోట్లోంచి వచ్చేస్తాయి, జాగ్రత్త. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ అనేవి మూడు వేరువేరు సమూహాలు. మనిషిది ఏ నేషనో తెలిస్తే ఆ పేరుతోనే చెప్పడం అన్నింటికన్నా మంచిది.

ఒక్క బ్రిటిష్ కొలంబియాలోనే 200కు పైగా ఫస్ట్ నేషన్స్ ఉన్నాయి, భాషలు 30కి పైనే. కాబట్టి 'ఇండిజినస్ సంస్కృతి' అంటూ మీరు మొదలుపెట్టిన ఏ వాక్యమైనా క్లాసులో ఎవరో ఒకరి విషయంలో తప్పవుతుంది. నా రెండో వారంలో బోర్డు మీద గుండ్రంగా గీసి, నాలుగు భాగాలు చేసి, నాలుగు రంగులు వేసి మెడిసిన్ వీల్ అనే పవిత్ర చక్రం గురించి చాలా ఉత్సాహంగా చెప్పాను. మాకు కొనిచ్చిన పాఠ్యపుస్తకంలో అదే ఉంది. వెనక కూర్చున్న అబ్బాయి తీరప్రాంతం వాడు. చెయ్యెత్తి, "మేడమ్, ఇది మైదానాల వాళ్లది. మా ఇంట్లో దీన్ని ఎవరూ చూడలేదు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. పొగ వేసి శుద్ధి చేసే స్మడ్జింగ్ కూడా అందరికీ లేదు. పుస్తకాలు కొన్ని ప్రాంతాల పద్ధతుల్ని అందరికీ అంటగడతాయి. మీ కాలేజీ ఎవరి భూమి మీద ఉందో, వాళ్ల దగ్గర మొదలుపెట్టండి.

ఇక మీ పాడేరు అనుభవం. "మా ఏజెన్సీలో కూడా అచ్చం ఇంతే" అనాలని రోజుకు పదిసార్లు అనిపిస్తుంది. నేను అన్నాను కూడా. కొలాముల గురించి, పోడు గురించి చెప్పుకుంటూ పోతుంటే ఒక పెద్దావిడ, "నువ్వు వాళ్లలో మనిషివా?" అని అడిగారు. కాదన్నాను. "మరి వాళ్లకు నువ్వేమవుతావు?" అన్నారు. నోట మాట రాలేదు. తర్వాతి క్లాసులో, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనకుండా మనకు 1/70 చట్టం ఉందని, అయినా అక్కడి బజార్లలో కొట్లన్నీ ఎవరివో, మా బంధువుల్లోనే ఎవరెవరు అక్కడ స్థిరపడ్డారో ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ దేశంలో 'సెట్లర్' (మూలవాసుల భూమి మీదకు వచ్చి స్థిరపడినవాళ్లు) అన్న మాట మీద పెద్ద చర్చ నడుస్తుంది, మనలాంటి వలసవాళ్లు సెట్లర్లా కాదా అని. తెలుగువాళ్లకు ఆ మాట కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో ఒక అర్థం, ఏజెన్సీలో ఇంకో అర్థం, మొత్తానికి దాని బరువు మనకు తెలుసు. ఆ రోజు తర్వాతే క్లాసు నన్ను కాస్త నమ్మడం మొదలుపెట్టింది. పాడేరును పోలికగా కాకుండా, అక్కడ మీ స్థానం ఏమిటో చెప్పడానికి వాడండి.

మన తెలుగు ఇంకో చోట బాగా పనికొస్తుంది, అది మాత్రం నాకు భలే సంతోషం కలిగించింది. ఇక్కడి మూలవాసుల భాషల్లో ఒకటైన క్రీలో 'మా అమ్మ' అనడానికి 'నికావియ్' అంటారు. అమ్మ చెల్లెలిని 'నికావిస్' అంటారు, అంటే చిన్నమ్మ! మేనత్త, మేనమామ పిల్లలకు వేరే వరస ఉంటుంది, మన బావామరదళ్ల లాగే. లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికన్ 1871లోనే తమిళ, తెలుగు వరసల్ని న్యూయార్క్ ప్రాంతపు మూలవాసులైన సెనెకాల వరసలతో పక్కపక్కన పెట్టి ఆశ్చర్యపోయాడు. దాన్నిబట్టి ఆయన అల్లిన సిద్ధాంతం నిలబడలేదు గానీ, చూసింది మాత్రం నిజం. ఇదంతా ఎందుకంటే, మీ కాలేజీ సెలవు నిబంధనల్లో 'దగ్గరి బంధువు' చనిపోతే మూడు రోజులని ఉంటుంది. మీ విద్యార్థి పెద్దమ్మ కొడుకు చనిపోయాడని వారం రోజులు రాదు. పెద్దమ్మ కొడుకంటే అన్నయ్యేనని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆఫీసుకు మీరు చెప్పాలి. ఒక ఊళ్లో చావు జరిగితే పనులన్నీ ఆగిపోతాయి, వంటలు, రాత్రి జాగరణ, సమాధి తవ్వడం, అన్నీ ఊరి వాళ్లవే. నా క్లాసులో ఒక శీతాకాలం అలా నాలుగు చావులు. హాజరు నిబంధన పట్టుకుని కూర్చుంటే మార్చికి సగం క్లాసు ఉండదు. సిలబస్ రాసేటప్పుడే రెండు వారాలు ఖాళీగా వదిలేయండి, వాటికి ఏ పేరైనా పెట్టుకోండి.

దేని మీద ఎక్కువ దృష్టి పెట్టాలంటే, నా లెక్కలో కేస్ నోట్స్, అంటే చూసొచ్చిన మనిషి గురించి వర్కర్ ఫైల్లో రాసే నోట్లు. సంస్కృతి గురించి చెప్పడానికి ఎల్డర్లు ఉన్నారు, అది మీ పని కాదు. మీ పని ఈ వృత్తి నేర్పడం. మనిషికి స్నానం ఎలా చేయించాలి, బస్సెక్కడం ఎలా నేర్పాలి, మందుల చార్టు ఎలా నింపాలి, తల్లితో స్కూలు మీటింగ్‌కు ఎలా వెళ్లాలి, వచ్చాక ఏం రాయాలి. ఈ రాతే ఇక్కడ కుటుంబాల్ని విడదీసింది. 2021 జనగణన ప్రకారం కెనడాలో పదిహేనేళ్ల లోపు పిల్లల్లో ఇండిజినస్ పిల్లలు 7.7 శాతమే, కానీ ఫోస్టర్ కేర్‌లో (కన్నవాళ్ల నుంచి తీసి వేరే ఇళ్లలో) ఉన్న ఆ వయసు పిల్లల్లో 53.8 శాతం వాళ్లే. గర్భిణి గురించి ఆసుపత్రికి ముందే సమాచారం పంపి, పుట్టగానే బిడ్డను తీసుకునేందుకు వీలు కల్పించిన 'బర్త్ అలర్ట్'లను ఈ ప్రావిన్సు ఆపింది 2019 సెప్టెంబర్‌లో. అంటే నిన్న మొన్న. పెన్ను తీసినవాళ్లను చూసి అమ్మమ్మలు ఎందుకు మౌనంగా అయిపోతారో మీ విద్యార్థులకు మీకన్నా బాగా తెలుసు. వాళ్లకు తెలియనిది, ఇప్పుడు ఆ పెన్ను తమ చేతిలోకి వస్తే ఎలా రాయాలన్నది.

నేను ఒకే ఇంటి మీద రెండు నోట్లు ఇచ్చేదాన్ని. మొదటిది ఇలా ఉంటుంది: "ఇల్లు చిందరవందరగా ఉంది. రెండు పడకగదుల్లో తొమ్మిది మంది. ఫ్రిజ్‌లో తిండి లేదు. అమ్మమ్మ సహకరించలేదు." రెండోది: "మధ్యాహ్నం 2.10కి వెళ్లాను. నిన్న వస్తానని చెప్పి, ఫోన్ చేయకుండా ఇవాళ వెళ్లాను. అమ్మమ్మ, ఆమె ఇద్దరు కూతుళ్లు, ఆరుగురు పిల్లలు ఉన్నారు. అంత్యక్రియలకు వచ్చిన ఒక కూతురు, ఆమె పిల్లలు ఆదివారం దాకా ఉంటారు. వంటింట్లో ఫ్రిజ్ ఖాళీగా ఉంది. షెడ్‌లో ఉన్న డీప్ ఫ్రీజర్‌లో సాల్మన్ చేపలు, మూస్ (పెద్ద దుప్పి) మాంసం నిండుగా ఉన్నాయి. బాబు మందుల గురించి అడిగితే, వాళ్లమ్మ వచ్చాక మాట్లాడదామన్నారు." రెండింటిలోనూ అబద్ధం లేదు. కానీ మొదటి నోటు చదివిన సూపర్‌వైజర్ ఏం చేస్తాడో క్లాసులో అడగండి. తర్వాత మాట్లాడే పని వాళ్లే చూసుకుంటారు, గంటన్నర మీరు నోరు మెదపక్కర్లేదు. 'సహకరించలేదు' అన్న మాటను మా క్లాసులో నిషేధించాం. ఏం జరిగిందో రాయాలి. ఎవరైనా స్నానం వద్దంటే, 'నిరాకరించారు' అని టిక్కు పెట్టకుండా, ఎప్పుడు వద్దన్నారు, ఎవరున్నప్పుడు వద్దన్నారు, పొద్దున వద్దని సాయంత్రం సరేనన్నారా అన్నది రాయాలి. ఇండిజినస్ పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లి పెట్టిన రెసిడెన్షియల్ స్కూల్‌లో చిన్నప్పుడు వరసగా నిలబెట్టి జుట్టు కత్తిరించి నీళ్లు పోసిన మనిషికి ఎనభయ్యేళ్లకు నర్సింగ్ హోమ్ షవర్ గది ఏం గుర్తు చేస్తుందో ఆ టిక్కులో పట్టదు.

రెసిడెన్షియల్ స్కూళ్ల చరిత్ర చెప్పకుండా కోర్సు సాగదు. లక్షన్నర మంది పిల్లలు వాటిలో చదివారని అంచనా. 1990ల దాకా నడిచాయి. ఆ స్కూళ్ల మీద విచారణ జరిపిన సత్య, సయోధ్య కమిషన్ 2015లో 94 పిలుపులు (ఏమేం చేయాలో) ఇచ్చింది, అవి మీ సిలబస్‌లో ఎలాగూ ఉంటాయి. నేను చెప్పేది వేరే. ఈ చరిత్ర శుక్రవారం మధ్యాహ్నం చెప్పకండి. సినిమా వేసి, లైట్లు వేసి, "వచ్చే వారం కలుద్దాం" అని పంపేయకండి. మీ ముందున్నవాళ్లలో సగం మంది అమ్మమ్మలు ఆ స్కూళ్లకు వెళ్లినవాళ్లు. ఆ రోజు కౌన్సెలరో, ఎల్డరో గదిలో ఉండాలి, ఎవరైనా లేచి వెళ్లిపోతే కారణం అడగకూడదు. 2021 మే చివర్లో కామ్‌లూప్స్ పాత స్కూలు దగ్గర పిల్లల సమాధులు కావచ్చన్న ఆనవాళ్లు రాడార్‌కు చిక్కాయని ఆ నేషన్ ప్రకటించిన వారం మాకు ఆన్‌లైన్ క్లాసు. తెర మీద పదకొండు నల్ల చదరాలు, అందరూ కెమెరాలు ఆపేశారు. నాతో కలిసి చెప్పే ఆవిడ ఒక్క దీపం వెలిగించి తన కెమెరా ముందు పెట్టారు. ఆ రోజు పాఠం లేదు.

మార్కుల విషయంలో నా పెద్ద తప్పు ఇది. 'క్లాసులో పాల్గొనడం' అని పదిహేను మార్కులు పెట్టాను. యాభై ఏళ్లు దాటిన ఒకావిడ ఆరు వారాలు ఒక్క మాట మాట్లాడలేదు, నా కళ్లలోకి చూడలేదు. పదిహేనుకు నాలుగు వేశాను. తర్వాత అందరం గుండ్రంగా కూర్చుని వరసగా మాట్లాడుకునే పద్ధతి పెట్టాక, తన వంతు వచ్చినప్పుడు ఇరవై నిమిషాలు మాట్లాడింది. మొదటి వారం నుంచి ఎవరెవరు ఏమన్నారో పేరుపేరునా గుర్తుపెట్టుకుంది. ఆవిడ వినడానికే వచ్చింది, నేను దానికి మార్కులు కోస్తున్నాను. ఆ మార్కులు మార్చాను, క్షమాపణ కూడా చెప్పాను.

రాతపరీక్షకు బదులు నోటితో చెప్పనివ్వండి. డిపార్ట్‌మెంట్‌లో 'ప్రమాణాలు' అని ఎవరైనా నసిగితే డెల్గముక్ కేసు గుర్తుచేయండి. ఈ ప్రావిన్సులోని గిట్‌క్సాన్, వెట్‌సువెట్‌ఎన్ నేషన్ల పెద్దలు తమ భూమి హక్కు కోసం కోర్టులో తమ వంశచరిత్రలు చెప్పారు, ఒక పెద్దావిడ పాట పాడారు. కింది కోర్టు జడ్జి తనకు పాట వినే చెవి లేదన్నట్టు మాట్లాడాడు, 1991లో కేసు కొట్టేశాడు. 1997 డిసెంబర్‌లో కెనడా సుప్రీంకోర్టు ఆ నోటి చరిత్రలకు సాక్ష్యంగా విలువ ఇవ్వాల్సిందేనని చెప్పి, ఆ తీర్పును పక్కనపెట్టింది. అదే ఏడాది జులైలో మన దగ్గర సమత తీర్పు వచ్చింది, అరకు వైపు గనుల మీద. భూమి హక్కు తేల్చడానికి ఇక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకున్న మౌఖికం మీ మూడు క్రెడిట్ల కోర్సుకు చాలదా అని అడగండి. నేను అడిగాను, ఒప్పుకున్నారు.

ఎల్డర్లను పిలిచే పద్ధతి చిన్న విషయంలా కనిపిస్తుంది, దాని దగ్గరే పరువు పోతుంది. ఈమెయిల్ కొట్టి "అక్టోబర్ 14, పదిన్నరకు నలభై నిమిషాలు" అని పిలవకండి. వెళ్లి కలవండి. కొన్ని నేషన్లలో అడిగేటప్పుడు పొగాకు చేతికిస్తారు, కొన్నిచోట్ల అది పద్ధతి కాదు, బహుమతి వేరే ఉంటుంది. ముందుగా కాలేజీ ఇండిజినస్ విభాగంలో వాళ్లను అడగండి, సిగ్గుపడకండి. తీసుకురావడానికి కారు, తోడు వచ్చే మనిషికి కూడా భోజనం, మెత్తటి కుర్చీ చూడండి. డబ్బు అదే రోజు కవర్‌లో పెట్టి ఇవ్వాలి. నేను పనిచేసిన చోట ఒక ఎల్డర్‌తో డెబ్బై ఆరేళ్ల వయసులో వెండర్ ఫారం నింపించారు, చెక్కు ఏడు వారాలకు వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. మళ్లీ రాలేదు. ఆయన చెప్పిన కథను మీరు వచ్చే ఏడాది మీ స్లైడ్‌లో పెట్టుకోకూడదని కూడా గుర్తుంచుకోండి. ఆ కథ ఆయనది, ఆయన కుటుంబానిది. విద్యార్థులు క్లాసులో చెప్పుకున్నవీ అంతే.

ప్రాక్టికమ్ (విద్యార్థులు పనిచోట చేసే శిక్షణ) గురించి రెండు మాటలు, రెండూ డబ్బుకీ పోలీసు కాగితానికీ సంబంధించినవి. గ్రూప్ హోమ్‌లో గానీ స్కూల్లో గానీ అడుగుపెట్టాలంటే క్రిమినల్ రికార్డ్ చెక్ కావాలి. ఇది మొదటి రోజే చెప్పి, పాత కేసులున్నవాళ్లను విడిగా కూర్చోబెట్టి దారి చూపించాలి. నేను జనవరిలో చెప్పాను. ఎనిమిది నెలలు చదివిన ఒకతనికి పందొమ్మిదేళ్ల నాటి కేసు అడ్డొచ్చింది, ఆ ఏడాది పూర్తి చేయలేకపోయాడు. రెండోది పెట్రోలు, పిల్లల్ని చూసుకునే మనిషికి ఖర్చు. చదువు మానేసినవాళ్లలో ఎక్కువమంది మానేసింది పాఠం కష్టమై కాదు, కారు చెడిపోయి.

ఇంకో చిక్కు, తెలిసినవాళ్లకు సేవ చేయొద్దని ఎథిక్స్ పుస్తకం అంటుంది. మూడొందల మంది ఉన్న రిజర్వ్‌లో (ఫస్ట్ నేషన్ కోసం కేటాయించిన భూమి) క్లయింట్ మేనత్త కాకుండా పోదు. అక్కడ నేర్పాల్సింది దూరంగా ఉండటం కాదు, అత్తగా విన్నదాన్నీ వర్కర్‌గా విన్నదాన్నీ కలపకుండా ఉండటం. దీనికి నాకన్నా బ్యాండ్ ఆఫీసులో (ఫస్ట్ నేషన్ పాలన కార్యాలయం) ఇరవయ్యేళ్లు పనిచేసిన ఆవిడ బాగా చెప్పేవారు. ఆమెనే పిలిచేదాన్ని.

చట్టాలు మారుతున్నాయి, వాటితో పాటు మీ నోట్సూ మార్చుకోండి. 2020 జనవరి నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ చట్టం పిల్లల సంక్షేమం మీద ఇండిజినస్ ప్రజల సొంత అధికారాన్ని గుర్తించింది, సుప్రీంకోర్టు 2024లో దాన్ని సమర్థించింది. అయితే ఇది రాజధాని ఒట్టావాలో పుట్టిన ఆలోచన అని చెప్పకండి. ఈ ప్రావిన్సులోనే ఎండర్బీ దగ్గరున్న స్ప్లాట్సిన్ నేషన్ వాళ్లు 1980లోనే తమ పిల్లల కోసం సొంత నిబంధన రాసుకున్నారు, చీఫ్ వేన్ క్రిస్టియన్ నాయకత్వంలో ఆ అక్టోబర్‌లో జనం వాంకూవర్ దాకా యాత్ర చేశారు. ఖర్చు ఎవరు భరించాలన్న తగాదాలో పడకుండా ముందు పిల్లలకు సేవ అందాలనే జోర్డన్ సూత్రం కూడా అంతే. నార్వే హౌస్ క్రీ నేషన్‌కు చెందిన జోర్డన్ రివర్ ఆండర్సన్ ఇంటి వైద్యం ఖర్చు ఫెడరల్ ప్రభుత్వానిదా ప్రావిన్సుదా అని కొట్టుకుంటుండగా ఆసుపత్రిలోనే పెరిగి, ఐదేళ్ల వయసులో 2005లో చనిపోయాడు, ఇల్లు చూడలేదు. విద్యార్థుల చేత ఈ సూత్రం కింద ఒక దరఖాస్తు మొదటి నుంచి చివరి దాకా రాయించండి. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే అవసరపడుతుంది.

పులిహోర సంగతి. తప్పకుండా తీసుకెళ్లండి, చిన్న స్టీలు డబ్బాలో. మా ఎల్డర్ ఒకావిడకు చింతపండు పులుపు ఎంత నచ్చిందంటే, తర్వాత ఎప్పుడు వెళ్లినా ముందు నా చేతిలో డబ్బా ఉందా అని చూసేవారు. పచ్చిమిర్చి సగానికి తగ్గించండి, ఎండుమిర్చి తీసేయండి, వేరుశనగ మాత్రం అసలు వేయకండి, ఇంట్లో ఏ మనవడికి అలర్జీ ఉందో మనకు తెలియదు. డబ్బా వెంటనే తిరిగి ఇమ్మని అడగకండి. నాది మూడు వారాల తర్వాత తిరిగొచ్చింది, ఎండబెట్టిన సాల్మన్ నింపి.